డేటు అయిపోయిన బిళ్ల మన ఇళ్లల్లోనే ఎందుకుండాలి?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మనవాళ్లలో ఒక మాట బాగా తిరుగుతోంది. "ఎక్స్‌పైరీ డేటు కంపెనీల వ్యాపారం. అమెరికా మిలటరీ వాళ్లే డేటు దాటినవి వాడుతున్నారు, మనకేమయిద్ది?" అని. చెప్పేది చదువుకున్నోళ్లే, అందుకే జవాబు రాస్తున్నాం.

అమెరికా సంగతి నిజమే. 1986 నుంచి అక్కడి మిలటరీ నిల్వల్ని ఎఫ్‌డీఏ పరీక్షిస్తోంది. 2006లో అచ్చయిన లెక్కలో 122 రకాల మందులు చూస్తే, పరీక్షించిన లాట్లలో 88 శాతానికి కనీసం ఏడాది గడువు పెంచొచ్చని తేలింది. కానీ అవి సీలు తియ్యనివి, సరైన చలువలో దాచినవి, ల్యాబులో పరీక్ష చేసినవి. మన వాడరేవు కాలనీల్లో మందులు ఎక్కడుంటాయి? రేకుల కింద, పొయ్యి పక్క గూట్లో, మేకుకి తగిలించిన క్యారీబ్యాగులో. చాలా మందుల మీద 30 డిగ్రీలు దాటని చోట, తడి తగలకుండా ఉంచమని రాసుంటది. మే నెలలో రేకుల ఇంట్లో 30 డిగ్రీలంట! సముద్రపు గాలికి డబ్బాలో ఉప్పే నీరవుతుంది. ఆస్పిరిన్‌కి తేమ తగిలితే విరిగి పుల్లటి వెనిగర్ వాసన వచ్చిద్ది. ఓఆర్ఎస్ ప్యాకెట్టు గడ్డ కట్టిద్ది. మన ఇళ్లల్లో డేటు లోపలే మందు పాడవుతుంటే, దాటాక కూడా దాచుకోమని వాదించడం ఏంటి?

భయపెట్టడానికి రాయట్లేదు. పారాసిటమాల్ డేటు దాటగానే విషం కాదు. 1963లో పాత టెట్రాసైక్లిన్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్న కేసులు బయటికొచ్చాయి గానీ, చాలా బిళ్లలకి జరిగేది బలం తగ్గడమే. నష్టం అక్కడే ఉంది. బిడ్డకి జ్వరం వస్తే "బిళ్ల వేశాంగా, తగ్గిద్ది" అని రెండు రోజులు చూస్తాం. ఆసుపత్రికి పోవాల్సిన రోజు ఇంట్లో గడిచిపోద్ది. మిరప కోతలకి పోయినోళ్లకి ఆ రెండు రోజులూ కూలి కూడా పోయినట్టే. కంట్లో చుక్కల మందైతే సీసా మీద డేటు ఎంతున్నా, మూత తీసిన నెలకి పారెయ్యాలి. ఇది మన ఇళ్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇంకో సంగతి. డేటు చూసి పారెయ్యమనే పెద్దమనుషులకి మా ప్రశ్న: మాకు డేటు చూపిస్తున్నదెవరు? మనం అట్ట మొత్తం కొనం, రెండు బిళ్లలు కొంటాం. షాపోడు కత్తెరతో కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. డేటు ఉన్న ముక్క షాపులోనే ఉంటది. డేటు దాటిన మందు అమ్మకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చెబుతున్నాయి, కానీ డేటే లేని ముక్క చేతిలో పెడితే మనం ఏ రూలు అడగాలి? ఇక కాలనీకి క్యాంపులోళ్లు వస్తారు, శాంపిల్ బిళ్లలు పంచుతారు, ఫొటోలు దిగుతారు, పోతారు. రెండు నెలల గడువున్నవి మాకే పంచారు. దానమిచ్చే మందులకి చేరేనాటికి మామూలుగా కనీసం ఏడాది గడువుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనోళ్లకి ఏదైనా చాల్లే అనే ఆలోచన మీదే మా కోపం.

మార్చెయ్యడానికి డబ్బులెక్కడివి అంటారు. పారాసిటమాల్ బిళ్ల రూపాయి అటూ ఇటూ. ఆశా అక్క దగ్గర పారాసిటమాల్, ఓఆర్ఎస్ ఊరికే ఇస్తారు. లేవంటే ఎందుకు లేవో అడగాలి. అది మన హక్కు, బతిమాలుకోవడం కాదు.

పాతవి కాలవలో మాత్రం వెయ్యొద్దు. ఆ నీళ్లల్లోనే మన అమ్మలు పీతలు పడతారు. 2025లో కేంద్ర డ్రగ్స్ సంస్థ ఇచ్చిన సూచనల్లో నీళ్లల్లో వదలమన్నవి 17 మందులే, అవీ ట్రమడాల్ లాంటి గట్టివి. మిగతావి వెనక్కి తీసుకునే చోట్లు పెట్టాలని అందులోనే ఉంది. మన దగ్గర పెట్టేదాకా బిళ్లలు అట్టలోంచి తీసి, బూడిదలో కలిపి, కవర్లో గట్టిగా ముడేసి, పిల్లలకి అందకుండా చెత్తబండికి ఇవ్వండి.

ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు హాస్టల్ పిల్లలం తలా ఐదు ఇళ్లల్లో ఆ క్యారీబ్యాగులు విప్పి చూద్దాం. డేటు లేని ముక్కలు పక్కన పెట్టి లెక్క రాయండి, ఎన్ని వచ్చాయో ఇక్కడ పెట్టండి. షాపులో కత్తెర పడకముందే అట్ట వెనక వైపు ఫోన్లో ఫొటో తీసుకోండి. తియ్యనివ్వకపోతే అది కూడా రాయండి.