బరువెరుగని వంపులు

ఆర్కిటెక్చరు చదువులో నాకిది నాలుగో ఏడు. మా తరగతి గోడలకు అంటించే బొమ్మలు చూస్తే కట్టడాలన్నీ గాలిలో ఈదుతున్నట్లుంటాయి. రైనోలో ఒక తలాన్ని పరచి నాలుగు బిందువులు పట్టి లాగితే వంపు వస్తుంది. గ్రాస్‌హాపర్‌లో ఒక మీటను జరిపితే ఆ వంపుకు వంద రంధ్రాలు పడతాయి. జ్యూరీకి వచ్చిన పెద్దలు ఆహా అంటారు. దేనితో కడతావు, ఎలా నిలుస్తుంది, ఎవరు కడతారు అని అడిగేవారు అరుదు. నా తగవంతా ఆ అడగకపోవటంతోనే.

కంప్యూటరు వచ్చి చేతిపనిని చంపేసిందని వాపోయేవారి పక్షాన నేను లేను. ఆ వాదన చరిత్ర ముందు నిలవదు. బార్సిలోనా దగ్గరి కొలోనియా గుయెల్ చర్చి కోసం ఆంటోనీ గౌడీ దాదాపు పదేళ్లు శ్రమించి, కట్టబోయే రూపాన్ని తలకిందులుగా దారాలతో వేలాడదీశాడు. వాటికి సీసపు గుండ్ల సంచులు కట్టాడు. ఒక్క సంచి బరువు మారిస్తే మిగతా దారాలన్నీ తమంత తామే సర్దుకునేవి. ఆ రూపాన్ని తిరగేస్తే, రాతికీ ఇటుకకూ తగిన కమానులు. 1914లో పని ఆగిపోయి కింది భాగం మాత్రమే పూర్తయింది గాని, పాఠం మాత్రం పూర్తిగానే మిగిలింది. కంప్యూటరు పుట్టకముందటి పారామెట్రిక్ డిజైను ఇది కాక మరేమిటి?

గౌడీకి ఏళ్లు పట్టిన ఆ పనిని నేడు కంగారూ అనే ఉపకరణం క్షణాల్లో చేసి చూపుతుంది. ఇంతటి వరం చేతిలో ఉండగా మనం చేస్తున్నదేమిటి? ముందు ఆకారం గీసి, దాని బరువును ఇంజనీరు నెత్తిన వేస్తున్నాం!

మిత్రులు వెంటనే ఫ్రాంక్ గెహ్రీని సాక్ష్యానికి పిలుస్తారు. పిలవనివ్వండి. 1997లో తెరిచిన బిల్బావో మ్యూజియం రూపం మొదట చేతితో చేసిన నమూనాల్లో పుట్టింది. విమానాల తయారీ కోసం పుట్టిన కాటియా సాఫ్టువేరులోకి అది ఎక్కింది ఆ తర్వాతే. అక్కడ కాటియా చేసిన పని వంపును కనిపెట్టటం కాదు, ఆ వంపును కట్టగలిగేలా కొలతలు అందించటం. మనం వంపును తెచ్చుకుని కొలతను అక్కడే వదిలేశాం. 2008లో పాట్రిక్ షుమాకర్ ఈ ధోరణికి పారామెట్రిసిజం అని పేరుపెట్టి, యుగశైలిగా ప్రకటించాడు. శైలి అన్నాక ఇక ప్రశ్నలెందుకు?

బల్లపరుపు శ్లాబుకు వాడిన సెంట్రింగు పలకలు పై అంతస్తుకూ పనికొస్తాయి. నచ్చినట్లు లాగిన వంపుకు చేసిన అచ్చు చాలాసార్లు ఆ ఒక్కచోటికే. హైదరాబాదు ఎండలో పడమట నిలిపిన అద్దపు వంపు లోపలివారిని ఉడికిస్తుంది. తెర మీది బొమ్మలో ఇవేవీ కనబడవు. విచిత్రమేమంటే, మే నెల ఎండ ఏ గోడను ఎంత కాలుస్తుందో లెక్కగట్టే లేడీబగ్ కూడా ఆ గ్రాస్‌హాపర్‌లోనే పనిచేస్తుంది. దాన్ని తెరిచే తీరిక మనకు లేదు.

పనిముట్టు అడిగినదానికే బదులిస్తుంది. కనుక గురువులకు నా మనవి ఒక్కటే. మార్కులు వేసేముందు అడగండి: బరువు ఎటునుంచి నేలకు దిగుతుంది? ఎండ ఎటు పడుతుంది? మేస్త్రీ చేతికి ఏ కాగితం ఇస్తావు? ఈ మూడింటికీ జవాబు చెప్పగల వంపు ఎంత వింతదైనా నాకు సమ్మతమే. చెప్పలేనిది కట్టడం కాదు, కట్టడపు బొమ్మ.