మా పొలాల లెక్క మాకు చదవగలిగేలా పంపండి: పత్తి, మిరప పరిశోధనల్లో భాగస్వాముల వినతిపత్రం

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప పంటలపై పరిశోధన ప్రాజెక్టులు నడుపుతున్న శాస్త్రవేత్తలకు, డేటా విశ్లేషకులకు, ఆ ప్రాజెక్టులకు నిధులిచ్చే సంస్థల బాధ్యులకు,

ఈ నాలుగు జిల్లాల రైతులు, పొలంబడి కార్యకర్తలు, గ్రామ వ్యవసాయ సహాయకులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో లెక్కలు రాసేవారు సమర్పించుకుంటున్న వినతి.

విషయం: మా పొలాల డేటాతో తయారయ్యే కంప్యూటర్ నోట్‌బుక్‌లను చదవగలిగే తెలుగు నివేదికలుగా మార్చి మాకు పంపడం గురించి.

అయ్యా, అమ్మా,

పత్తిలో లింగాకర్షక బుట్టలు కట్టి, పొద్దున్నే వాటిలో పడ్డ గులాబీ రంగు పురుగు మగ రెక్కల పురుగులను లెక్కపెట్టేది మేము. గుడ్డి పూలు ఏరి, కాయలు కోసి చూసి, ఎన్నింటిలో పురుగు ఉందో రాసేది మేము. మిరపలో నీలి జిగురు అట్టలు కట్టి, పూలు దులిపి నల్ల తామర పురుగులను ఎంచేదీ మేమే. ఆ అంకెలు మా ఫోన్ల నుంచి మీ కంప్యూటర్లకు చేరుతున్నాయి. అక్కడ వాటికేమవుతున్నదో మాకు తెలియడం లేదు.

ఒక ప్రాజెక్టులో విశ్లేషణ చూపించమని అడిగితే వాట్సాప్‌లో ఒక ఫైలు పంపారు. ఫోన్‌లో తెరిస్తే బ్రాకెట్లు, కోట్ గుర్తులు, తలాతోకా లేని అక్షరాల వరుసలు కనిపించాయి. నోట్‌బుక్ ఫైలు లోపల అలాగే ఉంటుందని, దాన్ని చూడడానికి వేరే ఏర్పాటు కావాలని తర్వాత చెప్పారు. మళ్లీ అడిగితే పీడీఎఫ్ వచ్చింది. పేజీల కొద్దీ కోడ్, హెచ్చరికలు, వాటి నడుమ ఎక్కడో ఒక గ్రాఫు. గ్రాఫు కింద ఊళ్ల పేర్లు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు. మా ఊరి గీత ఏదో మాకే తెలియలేదు.

నోట్‌బుక్ అనే పద్ధతి మీద మాకు ఫిర్యాదు లేదు. లెక్క చేసే కోడ్, దాని ఫలితం, గ్రాఫు, వివరణ ఒకేచోట ఉండే ఏర్పాటు అది. 2014లో జూపిటర్ అన్న పేరు వచ్చాక ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు దాన్ని వాడుతున్నారు. 2016 ఫిబ్రవరిలో గురుత్వ తరంగాలను కనుగొన్నామని ప్రకటించిన లైగో శాస్త్రవేత్తలు, ఎవరైనా ఆ లెక్కను తిరిగి చేసి చూసుకునేలా డేటాతో పాటు నోట్‌బుక్‌లను కూడా బయటపెట్టారు. విశ్వంలో ఎక్కడో పుట్టిన అలల లెక్కకే అంత పారదర్శకత ఉన్నప్పుడు, చిలకలూరిపేట పక్కన పత్తి చేలో పడ్డ పురుగు లెక్కకు ఎందుకు ఉండకూడదు?

లెక్క మాకు చదవడానికి వీలుగా ఉండకపోతే పోయేదేమిటో ఒక ఉదాహరణతో చెబుతాం. గులాబీ రంగు పురుగు విషయంలో బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే నివారణ చర్యలు మొదలుపెట్టాలని సిఫార్సు ఉంది. ఒక బుట్టలో మొదటి రోజు 9 పడ్డాయనుకుందాం. రెండో రోజు వాన వల్ల నల్లరేగడి చేలోకి అడుగుపెట్టలేక ఎవరూ చూడలేదు, గడి ఖాళీగా ఉంది. మూడో రోజు 10 పడ్డాయి. విశ్లేషకుడు ఖాళీ గడులన్నిటినీ సున్నాగా మార్చే ఒక్క వరుస కోడ్ రాస్తే మూడు రోజుల సగటు 6.3 అవుతుంది. ప్రమాదం లేదని నివేదిక చెబుతుంది. ఆ గడిని వదిలేసి చూస్తే సగటు 9.5. అంటే మరునాడే చేలోకి వెళ్లి కాయలు కోసి చూడాల్సిన పరిస్థితి. కోడ్‌లో తప్పేమీ లేదు, అది చెప్పినట్టే చేసింది. ఆ రోజు వాన పడిందని తెలిసినవాళ్లం మేము. ‘ఖాళీ గడులను సున్నాగా తీసుకున్నాం’ అని తెలుగులో ఒక్క వాక్యం ఉంటే, అది చదివిన క్షణంలోనే మేము ఆపి ఉండేవాళ్లం.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. బుట్టలోని ఎర (ల్యూర్) పాతబడితే పురుగులు పడడం తగ్గుతుంది. గ్రాఫులో గీత దిగిపోవడం చూసి ఉధృతి తగ్గిందనుకుంటారు. ల్యూర్ ఎప్పుడు మార్చారో చెప్పగలిగేది బుట్ట కట్టినవాడే. మిరప దిగుబడిని కొందరు క్వింటాళ్లలో రాస్తారు, కొందరు టిక్కీల్లో (బస్తాల్లో) రాస్తారు. టిక్కీ అన్నిచోట్లా ఒకే బరువు ఉండదు. కల్లంలో ఎండకముందు తూచారా, ఎండాక తూచారా, తాలు కాయలు వేరు చేశారా లేదా అన్నవి పట్టికలో కనిపించవు. వీటిని సరిచేయగలిగినవాళ్లు ఊళ్లలోనే ఉన్నారు. వాళ్ల ముందుకు లెక్క రావడమే లేదు.

ఇలాంటి పొరపాట్లతో ప్రమాదాన్ని ఆలస్యంగా గుర్తిస్తాం. ఈ పంటల్లో ఆ ఆలస్యానికి మేము చెల్లించిన ధర మీకు తెలియనిది కాదు. 1980లలో తెల్లదోమ పత్తి రైతును ముంచింది. 2002లో వచ్చిన బీటీ పత్తి గులాబీ రంగు పురుగును ఆపుతుందని నమ్మాం. తర్వాత ఆ పురుగు దాన్ని తట్టుకుంది. 2021లో నల్ల తామర పురుగు మిరప పూలలో చేరినప్పుడు తోటలు కళ్లెదుటే ఎండాయి, దున్నేసినవారూ ఉన్నారు. ఇకముందు మా పొలాల నుంచి వెళ్లే డేటా పెరిగేదే గానీ తగ్గేది కాదు. పొరుగు రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో ‘సాగు బాగు’ కార్యక్రమం కింద 7,000 మంది మిరప రైతులు ఇప్పటికే ఇలాంటి డిజిటల్ సేవలు అందుకున్నారు. అందుకే ఇప్పుడే అడుగుతున్నాం.

మాకు పంపే ప్రతి నోట్‌బుక్‌కూ మొదటి పేజీ తెలుగులో ఉండాలి. ఏ ప్రశ్నకు జవాబు వెతికారు, ఏ ఊళ్ల డేటా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏం తేలింది, ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి ముందు రావాలి. గ్రాఫులు ఆ తర్వాత. కోడ్ చివర మడిచి ఉంచండి, కావాలన్నవారు తెరుచుకుంటారు. దాన్ని తీసేయమని మేము అడగడం లేదు, మా పిల్లల్లో పైథాన్ చదువుకున్నవాళ్లున్నారు, వాళ్లు చూస్తారు. ఇది పెద్ద పని కూడా కాదు. కోడ్ కనిపించకుండా నివేదిక తీసే వీలు ఎన్‌బీకన్వర్ట్‌లో ఉంది, మడిచి ఉంచే వీలు క్వార్టోలో ఉంది, రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే.

డేటాను శుభ్రం చేసేటప్పుడు తీసుకున్న ప్రతి నిర్ణయం మాటల్లో రాయాలి. ఏ వరుసలు తీసేశారు, ఖాళీలను ఏం చేశారు, టిక్కీని ఎన్ని కిలోలుగా లెక్కగట్టారు అన్నది గ్రాఫు పక్కనే ఉండాలి. ఈ వినతిలో మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

తెలుగు అక్షరాలు తెలుగు అక్షరాల్లా కనిపించాలి. మీలో చాలామంది గ్రాఫులకు వాడే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో మొదటి నుంచి ఉండే ఫాంటుకు తెలుగు రాదు, అందుకే ఆ డబ్బాలు. తెలుగు ఫాంటు పెట్టినా మామూలు ఏర్పాటులో ఒత్తులు విడిపోయి ‘సత్తెనపల్లి’ ముక్కలుగా పడుతుంది. ఇంగ్లీషు పేర్లు పెట్టి సరిపెట్టవద్దు. అక్షరాలను బ్రౌజరే కూర్చే విధంగా గ్రాఫులు గీస్తే ఒత్తులు సరిగ్గా వస్తాయి. నివేదిక ఒకే ఫైలుగా, నెట్ లేకపోయినా ఫోన్‌లో తెరుచుకునేలా ఉండాలి. రైతు సేవా కేంద్రం గోడకు అంటించడానికి నలుపు తెలుపులో ముద్రించినా ఏ గీత ఏ ఊరిదో తెలియాలి.

పంపేముందు నోట్‌బుక్‌ను మొదటి కోడ్ గడి నుంచి చివరి దాకా కొత్తగా నడిపి చూడండి. 2019లో పరిశోధకులు కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లోని సుమారు 14 లక్షల నోట్‌బుక్‌లను పరిశీలించారు. నడపడానికి వీలైనవాటిని తిరిగి నడిపితే 24 శాతమే తప్పు లేకుండా చివరిదాకా వెళ్లాయి, మునుపటి ఫలితాలే వచ్చినవి 4 శాతం. కోడ్ గడులను ముందువెనుకలుగా నడపడం దీనికొక కారణం. మందు కొట్టాలా వద్దా అన్నది అలాంటి లెక్క మీద ఆధారపడకూడదు. డేటా ఏ తేదీ వరకు ఉన్నదో, నివేదిక ఏ తేదీన తీసినదో పైనే రాయండి.

రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, పాసుపుస్తకం నంబర్లు, సర్వే నంబర్లు బయటికి పోకూడదు. నోట్‌బుక్ తన ఫలితాలను తనలోనే దాచుకుంటుంది. పరీక్ష కోసం ఒకసారి తెరిచి చూసిన పట్టిక కూడా చెరపకపోతే అందరికీ వెళ్తుంది. కోడ్ మడిచినంత మాత్రాన అది పోదు.

ముసాయిదా నివేదికను తుది రూపానికి ముందు మాకు పంపి, కనీసం వారం రోజులు గడువివ్వండి. మేము చెప్పిన సవరణను ఒప్పుకున్నారా, ఒప్పుకోకపోతే ఎందుకో అందులోనే రాయండి. పురుగుల లెక్కల మీద నివేదికలు పంట చేలో ఉండగానే రావాలి. నిధులిచ్చే సంస్థలు ఈ పనికి ప్రాజెక్టు బడ్జెట్‌లోనే డబ్బు, మనిషిని కేటాయించాలి. విశ్లేషకులు తీరిక దొరికినప్పుడు చేసే అదనపు చాకిరీగా దీన్ని వదిలేస్తే జరగదని మాకు తెలుసు.

వచ్చే ఖరీఫ్‌లో బుట్టలు కట్టకముందే, వీటిలో ఏవి అమలు చేస్తారో, ఏవి చేయలేరో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం. నమూనా నివేదిక తయారుచేయడానికి మీరు పిలిస్తే మా ఊళ్ల నుంచి వచ్చి కూర్చోవడానికి మేము సిద్ధం.

ఇట్లు,
గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పరిశోధనల క్షేత్ర భాగస్వాములు