దాసరి సుబ్రహ్మణ్యానికి ఒక పేజీ ఇవ్వరా?

తెలుగు నవల చరిత్ర మీద నా అలమరలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. దాసరి సుబ్రహ్మణ్యానికి ఒక్కదాంట్లోనూ ఒక పేరా దక్కలేదు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి 1978లో ‘భల్లూక మాంత్రికుడు’ దాకా చందమామలో 12 సీరియళ్ళు రాసిన మనిషి ఆయన. పిల్లలూ, పిల్లల చేతిలోంచి పుస్తకం లాక్కుని చదివే పెద్దలూ నెలనెలా పత్రిక కోసం గుమ్మం వైపు చూసేట్టు చేసిన మనిషి. సాహిత్య చరిత్రలో ఆయనకు చోటు లేదంటే నాకు కడుపు మండుతుంది.

సికింద్రాబాదు ‘మంచి పుస్తకం’ వాళ్ళు ఈ సీరియళ్ళను పుస్తకాలుగా వేశారు. వాళ్ళకు దణ్ణం పెట్టాలి. చిన్నప్పుడు ముక్కలు ముక్కలుగా చదివినవాటిని ఇప్పుడు మొదటినుంచి చివరిదాకా వరసపెట్టి చదివాను. చదివినకొద్దీ నా కోపం పెరిగిందే కాని తగ్గలేదు. ‘తోకచుక్క’నే చూడండి. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు సైనికులతో ఓడలెక్కి పోయి, ఊరూ పేరూ తెలియని చోట చిక్కుబడతాడు. అక్కడ ఏకాక్షి, చతుర్నేత్రుడు అని ఇద్దరు మాంత్రికులు. ఒకరంటే ఒకరికి పడదు. ఒకడి వెంట కాలభుజంగం, కంకాళం, ఇంకొకడి వెంట నరవానరం, గుడ్లగూబ. కత్తితో వాళ్ళ ముందు నిలబడలేనని సమరసేనుడికి తెలుసు. ఎప్పుడు దాక్కోవాలి, ఎవరి పక్కన నిలబడాలి, వెంట వచ్చినవాళ్ళలో ఎందరిని ప్రాణాలతో ఇంటికి చేర్చగలను అన్నదే అతని చింత. ఇంగ్లీషులో అంతరిక్ష యుద్ధ నవలలని పది, పదిహేను భాగాలుగా వస్తున్నవాటిలో ఉండేది కూడా ఇదే కదా! ఇంటికి దూరమైన దండు, అంతుపట్టని శత్రువు, నిద్రపట్టని సేనాని. వాళ్ళది రాకెట్టు, మనది ఓడ. అక్కడ యంత్రం చేసే పని ఇక్కడ మంత్రం చేస్తుంది.

జర్మనీలో 1961 సెప్టెంబరులో ‘పెర్రీ రోడన్’ అనే అంతరిక్ష వీరుడి కథలు వారం వారం రావడం మొదలైంది. 2019లో 3000వ సంచిక వచ్చింది. కె.హెచ్. షేర్, క్లార్క్ డార్ల్‌టన్ అనే ఇద్దరు దాన్ని మొదలుపెట్టారని ఎక్కడో కోరుట్లలో కూర్చున్న నాకు కూడా తెలుసు. ఎందుకంటే వాళ్ళ పేర్లు ఆ పుస్తకాల మీద ఉన్నాయి. మన సమరసేనుడు వాళ్ళకంటే ఏడేళ్ళు ముందే బయలుదేరాడు. అతన్ని పుట్టించినవాడి పేరు మాత్రం సీరియల్ మీద వేయలేదు. ఆ పత్రిక పద్ధతి అదేనంటారు. కావచ్చు. ఆ పద్ధతి వల్ల నష్టపోయింది ఒక రచయిత. ‘రాకాసిలోయ’లో బ్రహ్మదండి మాంత్రికుణ్ణి తలుచుకుని ఇప్పటికీ నవ్వుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ బ్రహ్మదండిని రాసిందెవరని అడగండి, చాలామంది తెల్లమొహం వేస్తారు. చిత్రకారుడు ‘చిత్ర’ వేసిన బొమ్మలు గుర్తుంటాయి, కథ గుర్తుంటుంది, రాసినాయన పేరు నోట రాదు.

మా కోరుట్లలో బీడీలు చుట్టే ఇళ్ళలో ఆ కథల విలువ నేను కళ్ళారా చూశాను. మధ్యాహ్నం పూట నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని వాకిట్లో కూర్చునేవారు. తడిపిన తునికాకు కత్తిరించేది ఒకరు, జర్దా పోసి చుట్టేది ఒకరు, దారం కట్టేది ఇంకొకరు. పాత చందమామలు దబ్బనంతో కుట్టిన బైండు ఒకటి మా ఇంట్లో ఉండేది. పైకి చదివి వినిపించడం నా వంతు. ఒకరోజు మంచి పట్టులో కథ తెగిపోయింది. మా పెద్దమ్మ తల ఎత్తకుండానే అడిగింది: “ఆపినవేంది బిడ్డా? ఆ ఒంటికన్నోడు సచ్చిండా, లేదా?”

“తర్వాతి కాయిదాలు లెవ్వు పెద్దమ్మా.”

“లేకుంటేంది, నువ్వు జెప్పు! నేనీ కట్ట పూర్తిజేసేదాంక ఏం వినాలె?”

పెద్దమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఎవరు ఎవరికి మిత్రుడు, ఎవరు ఎక్కడ మోసం చేశారు అన్నది నాకంటే బాగా గుర్తుపెట్టుకునేది. చదువురాని మనిషికి ఇన్ని పాత్రలు, ఇన్ని మలుపులు ఎక్కడా గందరగోళం లేకుండా చెవి ద్వారా ఎక్కించడం సామాన్యమైన పనా? చిన్న వాక్యం, తిన్నని మాట, ప్రతి నెలా మొదట్లో నాలుగు వాక్యాల్లో జరిగిన కథ, చివర ఊపిరి బిగపట్టే చోట ఆపడం. ఆ ఆపడం ఎక్కడో తెలియడానికి ఎంత పనితనం కావాలో నవల రాసినవాళ్ళెవరినైనా అడగండి.

మాయలు, మంత్రాలు, పిల్లల కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్ళకు నాదొక ప్రశ్న. ఈ సీరియళ్ళలో మాంత్రికుడు గెలిచింది ఎక్కడ? ‘రాతిరథం’లో, తర్వాత ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు బయటపడేది తెగువతోనూ తెలివితోనూ కాదా? పైగా ఇది పిల్లలు మాత్రమే ఇచ్చిన తీర్పు కూడా కాదు. మధ్యలో ఒకసారి ఆయన సీరియల్ ఆపి బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ వేశారు. పాఠకులు ఊరుకోలేదని, అందుకే 1966లో ‘పాతాళదుర్గం’తో ఆయన్నే మళ్ళీ పిలవాల్సి వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. బంకించంద్రుడంతటివాడు వస్తే కూడా జనం ఈయన్నే అడిగారంటే, అది ఎందుకో తేల్చాల్సిన బాధ్యత విమర్శకులకు లేదా?

2024లో ‘కల్కి 2898 ఏడీ’ సినిమా వచ్చినప్పుడు తెలుగువాడి ఊహాశక్తి అని అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. లేని లోకాన్ని కట్టి, అందులో సైన్యాలను నడిపి, లక్షల మందిని దాని వెంట తిప్పే పని తెలుగులో నెలనెలా జరిగిందని ఆ సందర్భంలో ఒక్క వ్యాసమైనా వచ్చి ఉండాల్సింది. నా కంట పడలేదు.

దాసరి సుబ్రహ్మణ్యం 1932లో పుట్టారు, అర్ధశతాబ్దం పైన చందమామలోనే పనిచేశారు, 2010లో పోయారు. శతజయంతికి ఇంకా కొన్నేళ్ళుంది. దండలు వేయడానికి అప్పటిదాకా ఆగండి, అభ్యంతరం లేదు. పుస్తకాలు కొనడానికి మాత్రం ఆగకండి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుంది. ఆ డబ్బుతో ఈ సీరియళ్ళన్నీ ప్రతి శాఖా గ్రంథాలయానికీ కొనాలి, పిల్లల అర కింద కాదు, నవలల అరలో పెట్టాలి. తెలుగు ఎం.ఏ. పాఠాల్లో ‘రాకాసిలోయ’ను ఒక నవలగా చేర్చాలి. కథనం మీద పరిశోధన చేసే విద్యార్థి ఎవరైనా ఉంటే, వాళ్ళ పర్యవేక్షకులు ఈ సీరియళ్ళు చేతికిచ్చి ఆయన ఏ నెల ఎక్కడ కథ ఆపారో రాసుకు రమ్మనాలి. తెలుగు నవల చరిత్ర తర్వాతి ముద్రణ వేసేవారు ఆ విద్యార్థి తెచ్చినదానికి ఒక పేజీ కేటాయించాలి, పైన ఆయన పేరు అచ్చు వేసి.