తారు కన్నా ముందు మట్టిని చూడండి

రాష్ట్ర రహదారులు, భవనాల శాఖ ప్రధాన ఇంజనీరు గారికి,

నల్లరేగడి నేలల్లో వేసిన రోడ్లు తరచూ కొద్ది వానాకాలాలకే అలలు తేలి, అంచులు పగులుతున్నాయి. ప్రతిసారీ తారును తప్పుపట్టి పైన మరో పొర పరుస్తున్నాం. లోపం మాత్రం అడుగున ఉంది. రేగడిలోని మాంట్‌మొరిల్లొనైట్ బంకమట్టి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. నాలుగు రోజులు నానబెట్టి, నేల భారం మోసే బలాన్ని కొలిచే సీబీఆర్ పరీక్షలో ఈ మట్టి తరచూ 2, 3 శాతం దగ్గరే ఆగిపోతుంది. అలాంటి నేల మీద ఎంత మందాన పరిచినా, నేలతోపాటు రోడ్డూ కదులుతుంది.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. పొడి మట్టి బరువులో సాధారణంగా 3 నుంచి 5 శాతం సున్నం కలిపితే జిగట గంటల్లోనే తగ్గుతుంది. రోలరుతో గట్టిపరచి తడి ఆరకుండా కాపాడితే వారాల తరబడి బలం పెరుగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 51 మార్గదర్శకాలు ఉన్నదే ఇందుకు. ఖర్చు పెరుగుతుందనేవారు దూరం నుంచి గ్రావెల్ తోలే కిరాయినీ, మళ్లీ మళ్లీ చేసే మరమ్మతులనూ లెక్కలో కలపాలి. ఆలస్యమంటారా, వేసవిలోనే ఆ పని ముగించవచ్చు. సున్నం సర్వరోగ నివారిణి కాదన్నది నిజమే: ఇసుక నేలకు సిమెంటు నయం, సల్ఫేట్లు ఎక్కువున్న మట్టిలో సున్నమే ఉబ్బు తెస్తుంది, పక్కకాలువ లేకుంటే ఏదీ నిలవదు. అందుకే టెండరుకు ముందే మట్టి పరీక్ష జరగాలి.

రేగడి నేలల్లో ప్రతి అంచనాకూ ఆ పరీక్ష నివేదిక జతచేయాలనీ, మట్టి స్థిరీకరణకు విడిగా పద్దు కేటాయించాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరుడు