చెవి కొస లేని కుక్క

మా ఆఫీసు మెట్ల కింద పడుకునే గోధుమరంగు కుక్కకు ఒక చెవి కొస ఉండదు. అది దెబ్బ కాదు, గుర్తు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, రేబిస్ టీకా పడింది అని. దాన్ని గోనెసంచి పరిచిన ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి, గాయం మానాక ఇదే మెట్ల దగ్గర దింపిన నా స్నేహితురాలు పోయిన నెల కన్నుమూసింది.

“ఎక్కడైనా దూరంగా వదిలేయొచ్చు కదమ్మా” అని వీధివాళ్లు అడిగితే ఆమె విసుక్కునేది కాదు. పట్టిన చోటే వదలాలని 2001 నిబంధనలు చెప్పాయని, 2023లో వచ్చినవీ అదే అన్నాయని, ఖాళీ అయిన వీధిలోకి టీకా పడని కుక్కలు వచ్చి చేరతాయని ఓపిగ్గా చెప్పేది. కుక్క కరిచిన పిల్లాడు కనబడితే మాత్రం ముందు వాడి దగ్గరికే పరుగెత్తేది. గాయాన్ని సబ్బునీళ్లతో పావుగంట కడిగించి, టీకా వేయించడానికి తనే వెంట వెళ్లేది. ఆమె మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

ఈ సంచికకు వీధికుక్కల మీద వ్యాసం రాస్తానంది. రెండు పేజీల దగ్గర ఆగిపోయింది. ఉన్నది ఉన్నట్టే అచ్చువేస్తున్నాం.

పెరుగన్నం డబ్బాతో ఆమె వచ్చే వేళకు ఏ స్కూటర్ చప్పుడైనా సరే, ఆ కుక్క లేచి గేటు దాకా వెళ్లి చూసొస్తోంది.