ఈద్ దస్తర్‌ఖాన్ మీద పిడికెడు చుడువా

రంజాన్ ఈద్ పేరు చెబితే షీర్ ఖుర్మా గుర్తొస్తుంది. బక్రీద్ అంటే గోష్త్. ఈ రెండింటి పక్కన ఇంకో తష్తరీ ఉంటుంది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అదే చుడువా. మెహమాన్ వచ్చి కూర్చోగానే ముందు చెయ్యి పోయేది దాని మీదికే, చివర్లో చాయ్‌తో నమిలేదీ అదే. కొన్నేళ్లుగా చూస్తున్నాను, మా జహీరాబాద్‌లో ఆ తష్తరీలోకి ప్యాకెట్ మిక్చర్ వచ్చి చేరింది. చాంద్ రాత్ బజార్‌లో సేమియాలు, అత్తర్, గాజులతోపాటు రెండు కిలోల మిక్చర్ కూడా తూకం వేయించుకుని వచ్చేస్తున్నాం. నా రాయ్ ఒక్కటే: ఈద్ దావత్ కోసం మిగతావన్నీ కొన్నా సరే, చుడువా మాత్రం ఇంట్లోనే చేయండి.

ఎందుకో చెబుతాను. ఈద్ రోజు మన ఇంటికి ఎవరెవరు వస్తారో ఒకసారి లెక్కేసుకోండి. షుగర్ ఉన్న మామూ వస్తాడు, షీర్ ఖుర్మా గిన్నె ముందు పెట్టుకుని రెండు చెంచాలు తిని పక్కన పెడతాడు. పక్కింటి వాళ్లు వస్తారు, వాళ్లు గోష్త్ ముట్టరు. పిల్లల స్కూల్ దోస్తులు వస్తారు, వాళ్ల ఇంట్లో ఏం తింటారో ఏం తినరో మనకు తెలియదు. బిర్యానీ అందరిదీ కాదు, మిఠాయి అందరిదీ కాదు. మొహమాటం లేకుండా అందరూ ఒకే తష్తరీలో చెయ్యి పెట్టగలిగేది చుడువా దగ్గరే. ఈద్ మిలాప్ అని బ్యానర్ కట్టి స్పీచ్‌లు ఇచ్చే కన్నా ఈ తష్తరీ ఎక్కువ పని చేస్తుందని నా యకీన్.

బక్రీద్ రోజు ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. ఖుర్బానీ గోష్త్‌ను మూడు హిస్సాలు చేస్తాం. ఇంటికి, రిష్తేదార్లకు, గరీబులకు. మరి గోష్త్ తినని పడోసీ సంగతి? ఆ రోజు వాళ్ల గడపకు మన దగ్గర్నుంచి ఏం వెళ్తోంది? మా గల్లీలో పాతవాళ్లు చుడువా, అరటిపండ్లు పంపేవాళ్లు. తొలి ఏకాదశికి వాళ్లింట్లోంచి పేలాల పిండి వచ్చేది, బెల్లం వేసి దంచిన జొన్న పేలాల పిండి. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం ఐబ్ అనుకునేవాళ్లు. గిన్నె అటు పోయేది, ఇటు వచ్చేది. ఇప్పుడు వాట్సాప్‌లో ముబారక్‌బాద్ పోతోంది, గిన్నె పోవడం లేదు. ముబారక్‌బాద్ చదివి డిలీట్ చేయవచ్చు. గిన్నె ఇంటికొస్తే మాత్రం తలుపు తీయాల్సిందే, రెండు మాటలు మాట్లాడాల్సిందే. కాలం ఎలా ఉందో మీకు నేను చెప్పనక్కర లేదు. తలుపులు తీయించే వస్తువు ఏదైనా ఉంటే దాన్ని మనం వదులుకోకూడదు.

“ప్యాకెట్ చుడువా పంపితే తప్పేంటి?” అని అడగొచ్చు. తప్పు లేదు. కానీ అందులో ఏముందో మీరు జవాబు చెప్పలేరు. ఒకసారి కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాచితే పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదన్న ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం 2018 జులై నుంచి అమల్లో ఉంది. నియమం ఉంది సరే, కడాయి దగ్గర కొలిచేదెవరు? మన ఇంటి కడాయి సంగతి మనకు తెలుసు. గోష్త్ వేయించిన నూనె చుక్క కూడా పడని వేరే కడాయిలో చేశామని పడోసీకి మనం ఖుదా సాక్షిగా చెప్పగలం. ఇది అమానత్. వాళ్లు తినని వస్తువు తగిలిన గిన్నెలో చేసి, చెప్పకుండా పెట్టడం ఖియానత్. ఇంట్లో చేస్తే ఆ భరోసా మన చేతిలో ఉంటుంది.

ఇంకో మాట. మన ఊరు జొన్నల ఊరు. పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని పేద దళిత మహిళా రైతులు జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలను దశాబ్దాలుగా కాపాడుకుంటూ వచ్చారు. ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఏటా పాత పంటల జాతరతో ఊరూరా తిరుగుతారు. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ప్రపంచం మన జొన్నను మెచ్చుకుంటుంటే మన ఈద్ తష్తరీలో దానికి జగా లేకపోవడం ఏం ఇన్సాఫ్? చుడువాలో రెండు పిడికిళ్ల జొన్న పేలాలు వేయండి. తొలి ఏకాదశి గిన్నెకు అంతకన్నా మంచి జవాబు ఉండదు.

చేయడం కష్టం కూడా కాదు. పాతిక మందికి అర కిలో పల్చటి అటుకులు, పావు కిలో పల్లీలు, 150 గ్రాముల పుట్నాలు, 100 గ్రాముల జొన్న పేలాలు, సన్నగా తరిగిన ఎండుకొబ్బరి ఒక చిప్ప చాలు. అటుకులు జల్లెడ పట్టి, నూనె లేకుండా సన్న సెగ మీద కొద్దికొద్దిగా వేయించాలి. వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి, అదీ గుర్తు. తర్వాత కడాయిలో 100 మిల్లీలీటర్ల నూనె పోసి పల్లీలు నిదానంగా వేయించి తీసేయాలి, ఆ వెనక కొబ్బరి, చివర పుట్నాలు ఒక్క తిప్పు. అదే నూనెలో జీలకర్ర, దంచిన ఎల్లిపాయలు, ఎండుమిర్చి, కరివేపాకు. కరివేపాకు తడి లేకుండా తుడిచి వేయాలి, గలగలలాడేదాకా వేగాలి. లేకపోతే ఆ తడికే మర్నాటికి చుడువా మెత్తబడుతుంది. పొయ్యి ఆర్పాక పసుపు, కారం, రెండు చిన్న చెంచాల ఉప్పు వేసి, అటుకులు, పేలాలు, వేయించిన పల్లీలు అన్నీ కలపాలి. చక్కెర వద్దు, మామూ కోసం. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి, వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి మెహనత్ అంతా వృథా. మూడు నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం పల్లీలు ఏరేసి పెట్టండి, గొంతులో అడ్డం పడే ఖత్రా ఉంటుంది.

ఇక అసలు ఎతరాజ్ దగ్గరికి వస్తాను. ఇది చదివి మా ఖాలాలు, ఆపాలు నవ్వుతారని తెలుసు. “రాయడానికేం, చాంద్ రాత్ నిలబడేది మేమే కదా” అంటారు. వాళ్ల మాట నూటికి నూరు సహీ. నెల రోజులు సహ్రీకి లేచి, ఇఫ్తార్‌కు వండి, చాంద్ కనబడ్డాక కూడా అర్ధరాత్రి దాకా బావర్చీఖానాలో ఉండేది ఔరత్‌లే. ప్యాకెట్ మిక్చర్ మన ఇళ్లల్లోకి వచ్చింది వాళ్ల బద్ధకం వల్ల రాలేదు, వాళ్ల అలసట వల్ల వచ్చింది. కాబట్టి “ఇంట్లో చేయండి” అన్న మాట నేను వాళ్లతో అనడం లేదు. బజార్‌లో ఆ టైంకు ఊరికే తిరిగే మగవాళ్లతో అంటున్నాను.

చుడువా పోగ్రామ్‌లో మర్దులకు రాని పని ఒక్కటీ లేదు. పల్లీలు ఏరడం, కొబ్బరి తరగడం, అటుకులు జల్లించడం పిల్లల పని. కడాయి దగ్గర గరిటె తిప్పడం అబ్బా పని. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివాళ్ల పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా చెప్పిన మాట బుఖారీలో ఉంది. ఆ సున్నత్ గురించి ఖుత్బాల్లో విని తల ఊపుతాం, ఇంటికొచ్చి చాయ్ అడుగుతాం. ఈద్‌కు మూడు రోజుల ముందు ఒక గంట తీయండి. చుడువా నిలవుండే వస్తువు, చాంద్ రాత్ దాకా ఆపాల్సిన పని లేదు.

బేకరీ వాళ్ల రోజీ సంగతి కూడా ఆలోచించాను. మన ఊళ్లో ఆ పనిలో మనవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర బిస్కెట్లు, ఖారీ, మిఠాయి కొనండి, సాలంతా కొనండి. ఏడాదికి రెండు పూటలు ఒక్క తష్తరీ ఇంట్లో చేసుకుంటే ఎవరి దుకాణం మూతపడదు.

వచ్చే ఈద్‌కు కిలో చుడువా చేస్తే పావు కిలో ముందే వేరే డబ్బాలో తీసి పెట్టండి. అది పక్కింటి హిస్సా. పిల్లల చేతికిచ్చి పంపండి, గిన్నెలో పోసి పంపండి, ప్లాస్టిక్ కవర్‌లో వద్దు. కవర్ తిరిగి రాదు. గిన్నె తిరిగొస్తుంది.