మహాకమ్ ఒడ్డున పట్టా ఎందుకు రాదు?

ఇండోనేషియాలో భూమి పత్రాల పంపిణీని మెచ్చుకునేవాళ్లంతా ఒకటే లెక్క ఒప్పజెబుతారు. దేశంలో 12.6 కోట్ల కమతాలున్నాయి. 2015 నాటికి వాటిలో పత్రం ఉన్నవి 4.6 కోట్లు. ఏడాదికి 5 లక్షల చొప్పున ఇచ్చుకుంటూ పోతే మిగతావి పూర్తి కావడానికి 160 ఏళ్లు పడుతుంది. జోకో విడోడో అధ్యక్షుడిగా ఉన్నప్పుడు సభ సభకీ ఈ లెక్క చెప్పి, 2017 నుంచి ఏటా లక్షల్లో పత్రాలు పంచారు. 2018లో ప్రపంచ బ్యాంకు 20 కోట్ల డాలర్ల అప్పు కూడా మంజూరు చేసింది. పత్రం చేతికొస్తే బ్యాంకు అప్పిస్తుంది, అప్పుతో బతుకు మారుతుంది, మారుమూల పల్లె కూడా దారిన పడుతుంది. ఇదీ వాదన. వినడానికి బాగానే ఉంది. కాకపోతే ఆ 12.6 కోట్ల కమతాలూ అటవీ సరిహద్దుకు బయట లెక్కపెట్టినవి. లోపల ఉన్నది దేశం మొత్తం నేలలో 63 శాతం.

అరవై మూడు శాతం. దాదాపు 12 కోట్ల హెక్టార్లు. అక్కడ పెత్తనమంతా అటవీ శాఖది. హక్కుపత్రం ఇచ్చే భూమి శాఖకు ఆ గీత దాటే అధికారమే లేదు. ప్రభుత్వం చెప్పే లెక్క ప్రకారమే ఆ గీత లోపలా అంచునా 25 వేలకు పైగా గ్రామాలున్నాయి, అంటే దేశంలోని ఊళ్లలో మూడో వంతు. కాలిమంతాన్‌లో నది ఎగువన ఉన్న ఊరి భవిష్యత్తు గురించి ఎవరు రాసినా ఇక్కడ మొదలుపెట్టాలి. రాస్తున్నవాళ్లు మాత్రం రోడ్డు దగ్గరో, ఇంటర్నెట్ దగ్గరో, కొత్త రాజధాని దగ్గరో మొదలుపెడుతున్నారు.

వాళ్లు చెప్పే కారణం దూరం. తూర్పు కాలిమంతాన్‌లోని మహాకమ్ నదినే తీసుకుందాం. సమరిండా రేవులో ప్రయాణికుల పడవ ఎక్కితే లాంగ్ బాగున్ చేరడానికి ఒకటిన్నర రోజుకు తక్కువ పట్టదు. అక్కడి నుంచి పైకి పెద్ద పడవలు పోవు. బండల మధ్య సుడులు తిరిగే నీటిలో చిన్న స్పీడుబోట్లే దిక్కు. వానలు వెనక్కిపోయి నీరు తగ్గితే అవీ ఆగిపోతాయి. అప్పుడు లాంగ్ అపారీ వైపు ఊళ్లలో బియ్యం, పెట్రోలు ధరలకు పట్టపగ్గాలుండవు. నీరు ఎక్కువైతే మరో గోస. 2024 మే నెలలో వచ్చిన వరద మహాకమ్ ఉలు జిల్లా కేంద్రాన్నే ముంచేసింది. ఈ కష్టాలు నిజమే, కాదనను. కానీ ఈ దూరం ఎవరికి దూరం? 1960ల చివర్లో కలప గిరాకీ పెరిగినప్పుడు ఇదే నదిలో వరద నీటి మీద దుంగలు తేలుకుంటూ సముద్రం దాకా పోయాయి. మొదట్లో కొట్టింది ఊరివాళ్లే. తర్వాత ప్రభుత్వం వాళ్లను పక్కకు నెట్టి లక్షల హెక్టార్లు కంపెనీలకు రాసిచ్చింది. ఇవాళ అదే నది మీద బొగ్గు బార్జీలు బారులు తీరి పోతున్నాయి, సమరిండా వంతెన స్తంభాలను గుద్దుకుంటూ మరీ. సరుకు కిందికి పోవడానికి అడ్డురాని దూరం, హక్కు పైకి రావడానికి మాత్రం అడ్డొస్తోంది.

ఇక్కడో చిన్న పక్కదారి. ఇండోనేషియాలో దొరికిన తొలి శాసనాలు ఈ నది ఒడ్డునే, మువారా కామన్‌లో దొరికాయి. మూలవర్మ అనే రాజు బ్రాహ్మణులకు 20 వేల గోవులు దానమిచ్చిన సంగతి రాతి యూపాల మీద సంస్కృతంలో, పల్లవ లిపిలో చెక్కించాడు. అంటే ఆ దేశంలో మిగిలిన తొలి రాతల్లోనే ఒక ఆస్తి బదిలీ దస్తావేజు ఉంది. పదహారు వందల ఏళ్లు గడిచినా అదే నదికి ఎగువన ఉన్న రైతు చేతికి అలాంటి రాత ఒక్కటీ రాలేదు.

అలాగని ఆ ఊళ్లలో ఆస్తి లేదనుకుంటే పొరపాటు. అక్కడి ఆదివాసులైన బెనువాక్ దయాక్‌ల పద్ధతి చూడండి. ముదురు అడవిని మొదట కొట్టి పోడు చేసిన కుటుంబానిదే ఆ నేల మీద హక్కు. ఏడాదో రెండేళ్లో వరి పండించి వదిలేస్తారు. వదిలేసే ముందు వరి మధ్యనే రట్టన్ బెత్తం నాటుతారు. అది కోతకు రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఇళ్ల చుట్టూ, పాత పొడుగిళ్లు ఉండి పోయిన చోట్లా డురియన్, రంబుటాన్ లాంటి పళ్లచెట్లు పెంచుతారు. వాటికి లెంబో అని పేరు. నాటిన మనిషి పోయినా అతని వారసులందరికీ ఆ పళ్లలో వాటా ఉంటుంది. తేనెపట్లు పట్టే మహావృక్షానికి యజమాని ఉంటాడు. ఏ చెట్టు ఏ తాత నాటాడో ఊళ్లో పెద్దలకు తెలుసు. తగాదా వస్తే సాక్ష్యం ఆ చెట్టే. మన దగ్గర అడంగల్ చేసే పని అక్కడ డురియన్ మాను చేస్తుంది. అటవీ శాఖ పటం మీద మాత్రం ఇదంతా తిరిగి మొలిచిన అడవి, ఎవరిదీ కాదు కాబట్టి ప్రభుత్వానిది.

ఆ పటం ఎలా తయారైందో తెలిస్తే ఒళ్లు మండుతుంది. 1980ల్లో అటవీ సరిహద్దులు గీసింది 5 లక్షల్లో ఒక వంతు స్కేలు పటాల మీద. ఆ పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. నది ఊరంటే ఒడ్డు వెంట సన్నటి పట్టీలా ఉండే ఇళ్లు, వెనక పోడు, తోటలు. పెన్సిలు మొన కాస్త మొద్దుబారితే చాలు, ఊరు మొత్తం గీత కింద కలిసిపోతుంది. ఊరివాళ్లను అడిగి గీసిన గీత కాదది. అలా గీసిన గీతలు అప్పట్లో దేశంలో ముప్పాతిక వంతును మింగాయి. సర్దుబాట్లన్నీ పోగా మిగిలిందే ఈ 63 శాతం.

మరి ఊరివాడి చేతిలో ఏముంది? గ్రామపెద్ద రాసిచ్చే భూమి ధ్రువీకరణ కాగితం ఉంది. ఇరుగుపొరుగు సాక్షి సంతకాలు, చేత్తో గీసిన కొలతలు. దాన్ని పెట్టి బ్యాంకులో అప్పడిగితే పని కాదు. కంపెనీ వచ్చినప్పుడు దానికి కాస్త విలువ వస్తుంది, అదీ భూమి ధర కింద కాదు, తాలి ఆసిహ్ పేరుతో. అంటే సద్భావం కింద చేతిలో పెట్టే డబ్బు. నీది కాని భూమికి దయతలచి ఇస్తున్నాం, పుచ్చుకో అన్నట్టు. పుచ్చుకోకపోతే ఏమవుతుందో లాంగ్ ఇసున్ చూసింది. 2014లో ఆ ఊరివాళ్లు తమ అడవిలో కలప కొడుతున్న కంపెనీని అడ్డుకుంటే, వాళ్లలో ఒకరు నెలల తరబడి కటకటాల వెనక ఉండాల్సి వచ్చింది.

చట్టం లేక ఇదంతా జరుగుతోందా అంటే అదీ కాదు. సంప్రదాయ సమాజాల అడవి ప్రభుత్వ అడవి కాదని 2013 మే 16న ఇండోనేషియా రాజ్యాంగ న్యాయస్థానం తేల్చి చెప్పింది. 1999 అటవీ చట్టంలోని నిర్వచనం నుంచి ‘ప్రభుత్వ’ అన్న మాటనే కొట్టేసింది. తొలి తొమ్మిది సమాజాలకు గుర్తింపు రావడానికి 2016 డిసెంబరు దాకా పట్టింది. తూర్పు కాలిమంతాన్‌లో మొదట గుర్తింపు పొందినది పశ్చిమ కుతాయ్‌లోని జువాక్ ఆసా ఊరి అడవి. దాని విస్తీర్ణం సుమారు 49 హెక్టార్లు. ఒక కలప కంపెనీకైతే అది లెక్కలోకే రాదు. తీర్పు వచ్చి పన్నెండేళ్లయ్యేసరికి దేశమంతటా గుర్తించింది మూడు లక్షల హెక్టార్ల పైచిలుకు. ఆ 12 కోట్ల హెక్టార్ల పక్కన పెట్టి చూస్తే నూటికి పావు, కాస్త అటూఇటూ.

హక్కు లేకపోతేనేం, సామాజిక అటవీ పథకం కింద ఊళ్లకు అడవి అప్పగిస్తున్నాం కదా అంటారు అధికారులు. నిజమే, అప్పగిస్తున్నారు, 35 ఏళ్లకు. తాతల నాటి డురియన్ తోటకు ఊరు కౌలుదారు కావాలన్నమాట. అదే ప్రభుత్వం 2023లో కొత్త రాజధాని నుసంతరలో పెట్టుబడిదారులకు సాగు హక్కును 95 ఏళ్ల చొప్పున రెండు విడతలు, మొత్తం 190 ఏళ్లు ఇవ్వడానికి నిబంధన రాసుకుంది. 2025 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసిందనుకోండి. కానీ రాసినవాళ్ల మనసు బయటపడింది. నిన్న వచ్చినవాడికి 190, ముందు నుంచీ ఉన్నవాడికి 35.

గీత చెరిపేస్తే ఊరివాళ్లే భూమిని పామాయిల్ కంపెనీలకు అమ్ముకుంటారు, అడవి మిగలదు అన్న వాదన ఒకటుంది. అందులో కొంత పస ఉంది. జెంపాంగ్ ప్రాంతంలోని మువారా తాయె కథే సాక్ష్యం. 2015లో ఈక్వేటర్ ప్రైజ్ అందుకున్న ఆ ఊరి అడవి భూమిలో కొంత భాగాన్ని, అది తమదని పక్క ఊరివాళ్లు కంపెనీకి అమ్మేశారు. 2012లో జిల్లా అధినేత సరిహద్దులే మార్చేశారు. కానీ అక్కడ అమ్మకం జరిగింది హక్కు తేలి కాదు, హక్కు ఎవరిదో తేల్చనందుకు. అమ్మడానికి వీల్లేని హక్కు ఇవ్వడం ప్రపంచంలో ఎవరికీ తెలియని విద్యా కాదు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా మన 1/70 చట్టం చేసింది అదే. అటవీ భూమి లోపలే వారసత్వంగా అనుభవించే, అమ్ముకోవడానికి వీల్లేని హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఒప్పుకుంది. అమలు ఎంత అధ్వానంగా ఉందో పోడు రైతును అడిగితే చెబుతాడు. అయినా అడవి గీత లోపల పట్టా పుట్టదన్న సిద్ధాంతాన్ని మనం వదిలేసి చాలా ఏళ్లయింది. ఇండోనేషియా ఇంకా దాన్నే పట్టుకు వేలాడుతోంది. సంప్రదాయ సమాజాల హక్కుల బిల్లు దశాబ్దానికి పైగా పార్లమెంటులో మూలుగుతూనే ఉంది.

ఇప్పుడు ప్రబొవో సుబియాంతో ప్రభుత్వం ఆ గీతకు కొత్త ఉపయోగం కనిపెట్టింది. అటవీ సరిహద్దు లోపల అక్రమంగా వేసిన పామాయిల్ తోటలను 2025లో సైన్యం సాయంతో స్వాధీనం చేసుకుంది. కొన్ని నెలల్లోనే 30 లక్షల హెక్టార్లు దాటాయి. చూశారా, తలచుకుంటే నెలల్లో పని అవుతుంది. ఊరి అడవిని గుర్తించడానికి పన్నెండేళ్లలో మూడు లక్షలు, తోటలు గుంజుకోవడానికి ఏడాదిలోపు ముప్పై లక్షలు. గుంజుకున్నవాటిలో పెద్ద భాగాన్ని, ఆ భూమి ఒకప్పుడు ఎవరి పోడో అడిగిన పాపాన పోకుండా, అగ్రినాస్ అనే ప్రభుత్వ కంపెనీకి అప్పజెప్పారు. కంపెనీ తోట వేస్తే అడవి కాదు, ప్రభుత్వ కంపెనీ తోట నడిపితే అడవి కాదు. ఊరివాడు తన తాత తోటకు పత్రం అడిగితేనే అది అడవి.

2029 నాటికి 14 లక్షల హెక్టార్ల సంప్రదాయ అడవులను గుర్తిస్తామని జకార్తా తాజాగా మాటిచ్చింది. ఇచ్చేశారనే అనుకుందాం. ఆ 63 శాతంలో అది నూటికి ఒకటి, ఆపైన కాస్త చిల్లర. మిగతా తొంభై ఎనిమిది సంగతి ఆ మాట ఇచ్చినవాళ్లే చెప్పాలి. కోట్ల కమతాలు కొలిచిన భూమి శాఖ గొలుసు పట్టుకుని లాంగ్ బాగున్ పడవ ఎక్కడానికి ఇంకా ఎవరి సంతకం కావాలో కూడా వాళ్లే చెప్పాలి.